ప్యాడ్ మీద కనబడని రక్తం

నా ఎడమ అండాశయం తీసేసి ఏడాది కావస్తోంది. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఛత్తీస్‌గఢ్‌లో మేం స్థిరపడ్డ ఊళ్ళో, పవర్ హౌస్ మార్కెట్‌లో ఉన్న మా మ్యాచింగ్ సెంటర్‌ని మళ్ళీ నేనే తెరుస్తున్నాను. పెద్ద బట్టల తానులు మాత్రం ఇంకా ఎత్తడం లేదు. ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ, అది డాక్టర్ల పని, వాళ్ళు చేశారు. నేను రాస్తున్నది ఇంటికి వచ్చాక గడిచిన రోజుల గురించి. నా ప్రాణం మీదికి వచ్చింది ఆపరేషన్ బల్ల మీద కాదు, కోహ్కాలో మా ఇంట్లో, నా మంచం మీదే.

మే నెల

ఎండలు ముదిరాక పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి మొదలైంది. వచ్చేది, పోయేది. గ్యాస్ అనుకున్నాను. మా అత్త అప్పలనర్సమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చేది, తాగితే తగ్గినట్టే ఉండేది. లంగా బొందు బిగుతుగా తగులుతుంటే ఒళ్ళు చేశానని అనుకున్నాను. నలభై దాటాక ఎవరు చేయరు?

ఒక మధ్యాహ్నం షాపులో ఒకావిడకి చీర ఫాల్ రంగు చూపిస్తుండగా ఎవరో లోపల పట్టి మెలితిప్పినట్టయింది. కౌంటర్ వెనక నేల మీద కూలబడిపోయాను. ఆవిడెవరో నాకు తెలియదు, ఛత్తీస్‌గఢీ మనిషి. తన సంచీ పక్కన పడేసి, షట్టర్ సగం దించి, నా పక్కన కూర్చుని కొంగుతో విసిరింది. హథ్‌ఖోజ్‌లో మా ఆయన రమణకి చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. అక్కణ్ణించి రమణ స్కూటర్ మీద వచ్చేదాకా ఆవిడ కదల్లేదు. పేరైనా అడగలేదు నేను.

స్కానింగ్‌లో తేలింది, అండాశయం మీద బత్తాయంత నీటి గడ్డ. మెలితిరిగితే ప్రమాదం, తీసేయాలి అంది డాక్టరమ్మ. అది మంచిదో చెడ్డదో తీసి పరీక్షకు పంపాకే చెప్పగలమంది. మేం బయటికొచ్చి వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. గోడ మీద టీవీ శబ్దం లేకుండా ఆడుతోంది. అందరం దాన్నే చూస్తున్నాం, ఎవరూ చూడటం లేదు.

మా అమ్మాయి దివ్య కాలేజీలో చదువుతోంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే, తెలుగు ఇంట్లో విన్నంత మేరకే వచ్చు. మా అత్తకి హిందీ అర్థమవుతుంది గానీ పరాయివాళ్ళ ముందు నోరు విప్పదు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరి మాటలు ఇలా నడిచాయి.

"నానమ్మా, మమ్మీ కడుపులో గాంఠ్ ఉంది. తీసేయాలంట."

"గాంటేటే? ముడా?"

"ముడి కాదు, గాంఠ్. బత్తాయి లాగా."

"ఓలమ్మో! కడుపులో బత్తాయేటే గుంటా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పేసింది. చెడ్డదైతే ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు అన్న ఆలోచన ఆ నవ్వు వెనకే వచ్చింది.

జూన్

పొట్ట మీద చిన్న చిన్న కన్నాలు పెట్టి గడ్డతోపాటు ఆ అండాశయాన్నీ తీసేశారు. మెలకువ వచ్చాక కడుపుకంటే భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. ఆపరేషన్ కోసం పొట్టలోకి ఎక్కించిన గాలి వల్ల అలా ఉంటుందనీ, రెండు మూడు రోజుల్లో పోతుందనీ చెప్పారు. అలాగే పోయింది కూడా.

డిశ్చార్జి రోజు వార్డు సిస్టర్ దివ్యని పక్కన కూర్చోబెట్టుకుని హిందీలో నిదానంగా చెప్పింది. కొన్నాళ్ళు కొద్దికొద్దిగా రక్తం కనబడుతుంది, ముందు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో. అది మామూలే. గంటకో ప్యాడ్ తడిసిపోయినా, పెద్ద గడ్డలు పడినా, జ్వరం వచ్చినా, చెడు వాసన వేసినా, కుట్ల దగ్గర నుంచి కారుతున్నా ఆలోచించకుండా రండి. చివరికి ఒక మాట అంది.

"హర్ దిన్ కల్ సే కమ్. నొప్పైనా, రక్తమైనా నిన్నటికంటే ఈరోజు తక్కువ ఉండాలి. ఎక్కువైతే మాకు చూపించండి."

ఇంకా ఏదో కళ్ళు తిరగడం గురించి చెప్పింది. నాకు అప్పుడు ఇంటికి వెళ్ళడం మీదే ధ్యాస.

ఇంటికి వచ్చాక

మొదటి రోజులు భయంతోనే గడిచాయి. బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ వెలుతురులో పెట్టి చూసుకునేదాన్ని. ఇది నిన్నటంతేనా? ఈ ఎరుపు మామూలు ఎరుపేనా? దివ్య ఓపిగ్గా వినేది. అత్త మాత్రం, "అది సెడ్డ రగతమే. పోనీ. లోపలుంటేనే పెమాదం" అనేది. ఆవిడ కాన్పులప్పటి నుంచీ వింటున్న మాట అది. నేను బెదిరిపోకూడదని అనేది, ఆ సంగతీ నాకు తెలుసు.

ఒకరోజు అలవాటు కొద్దీ సగం నిండిన బకెట్ ఎత్తాను. కాసేపటికి ఎర్రటి రక్తం, అంతకుముందు రోజుకంటే బాగా ఎక్కువ. రమణకి ఫోన్ చేశాను. ఆయన మిషన్ మీద పని ఆపేసి వచ్చి, నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చూసింది, స్కానింగ్ చేసింది. ఏమీ లేదంది. బరువులు ఎత్తొద్దంది. "అనుమానం వస్తే పదిసార్లయినా రండి, నేను విసుక్కోను" అని కూడా అంది.

తిరిగి వస్తుంటే కోహ్కా మలుపు దాకా రమణ ఫోన్‌లో టైము చూసుకుంటూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు.

"పతీదానికీ ఇలగ బెంబేలెత్తిపోతే ఎలాగ కళా? ఆర్డర్ మాల్ ఇయ్యాలి ఇయ్యాల. మద్దెలో ఒగ్గీసి వచ్చీసినాను."

అరిచినట్టు కూడా కాదు, మామూలుగానే అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను గట్టిగా ఒక మాట అనని మనిషి. అందుకే లోపలికి దిగింది. ఎదురింటి మీనా దీదీ గేటు దగ్గర నిలబడి, "సబ్ ఠీక్?" అని అడిగింది. "ఏమీ లేదు దీదీ, నా భయమే" అన్నాను. ఆటో దిగి మెట్లెక్కుతూ మనసులో నిర్ణయించుకున్నాను, ఇంకోసారి ఇంతకంటే ఎక్కువ రక్తం కళ్ళతో చూస్తే తప్ప ఎవరికీ చెప్పకూడదని.

డాక్టరమ్మ చెప్పిన మాటకంటే ఇంట్లో మనిషి అన్న మాట ఎందుకు బరువుగా తూగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ శుక్రవారం

పొద్దున్న లేచి చూసుకుంటే ప్యాడ్ శుభ్రంగా ఉంది. ఒక్క మరక లేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి. రమణ టిఫిన్ తింటుంటే, "తగ్గిపోయిందండీ" అని చెప్పాను. ఆయన ముఖం తేలికపడింది. హుషారుగా వర్క్‌షాపుకి వెళ్ళాడు.

ఒంట్లో మాత్రం బాగాలేదు. నిద్ర చాలనట్టుంది. కూర్చుంటే లేవాలనిపించదు, లేస్తే గది ఒక పక్కకి ఒరుగుతుంది. దాహం. నీళ్ళు తాగాను, మళ్ళీ దాహం. జూన్ ఉక్క కదా అనుకున్నాను. పోయిందనుకున్న భుజం నొప్పి తిరిగి వచ్చింది. పొట్ట ఉబ్బి, వేలితో తట్టి చూస్తే బిగదీసినట్టుంది. మలబద్ధకం అనుకున్నాను. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. ఆ కారణాలన్నిటి కిందా ఒకటే ధైర్యం. రక్తం కనబడటం లేదు కాబట్టి ఏమీ లేదు.

మధ్యాహ్నం అత్త చారన్నం కలిపి తెచ్చింది. రెండు ముద్దలు కూడా దిగలేదు. బాత్రూముకి బయలుదేరితే తలుపు దగ్గర కళ్ళముందు నల్లగా అయిపోయింది. తలుపు రెక్క పట్టుకుని జారి కూర్చున్నాను. దివ్య పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి మంచం మీదికి చేర్చారు.

"మమ్మీ, హాస్పిటల్‌కి ఫోన్ చేస్తా."

"వద్దమ్మా. నీరసం. రక్తం లేదు కదా, చూడు కావాలంటే."

"కానీ మమ్మీ..."

"మీ నాన్నని మళ్ళీ పనిలోంచి లేపుతావా? పడుకుంటే తగ్గుతుంది."

అత్త నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు నొక్కింది. కింది కనురెప్ప లాగి చూసింది. ఆవిడ ముఖంలో రంగు మారడం నాకు కనబడింది.

"ఒలే, నీ సెయ్యేటే ఇలగ సల్లగున్నాది? ఎండాకాలంలో ఈ సల్లటి సెమటేటి?"

"నీరసం అత్తా."

"నీరసం కాదే. మా సెల్లి సత్యవతికి ఇలగే అయినాది." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ నా చెయ్యి వదల్లేదు. "కడుపునొప్పన్నాది. భుజం లాగుతందన్నాది. నీళ్ళు, నీళ్ళు అన్నాది. ఒక్క సుక్క రగతం బయటికి రానేదు. ఏటీ నేదు, ఏటీ నేదని మేమందరం దాని సుట్టూ కూకున్నాం. పొద్దుగూకీసరికి అది నేదు."

ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో కోడలిని నేను. అత్తకి సత్యవతి అని ఒక చెల్లెలు ఉండేదన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తెలియదు.

దివ్య మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "నానమ్మా, ఏమన్నావ్? నాకు పూరా సమఝ్ కాలేదు. మళ్ళీ చెప్పు, ధీరే."

అత్త మళ్ళీ చెప్పింది, ఒక్కొక్క మాట, తన పొట్టనీ భుజాన్నీ చేత్తో చూపిస్తూ. దివ్య వింటూనే ఫోన్ తీసి వార్డుకి చేసింది. హిందీలో చెప్పింది, అమ్మకి బ్లీడింగ్ లేదు, కానీ లేస్తే పడిపోతోంది, దాహం, భుజం నొప్పి, పొట్ట గట్టిగా ఉంది. అవతల నుంచి ఏవో అడిగారు. నా మణికట్టు పట్టుకుని నాడి చూసి, "చాలా ఫాస్ట్‌గా ఉంది" అంది. ఫోన్ పెట్టేసి నానమ్మ వైపు తిరిగింది.

"ఇప్పుడే తీసుకురమ్మన్నారు. ఒక్క నిమిషం కూడా రుకొద్దన్నారు. నోట్లోకి ఏమీ ఇవ్వొద్దంట." నాకోసం అత్త పట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు మెల్లగా లాక్కుని కిటికీలో పెట్టింది.

ఆటో కోసం చూడలేదు. దివ్య ఎదురింటి గేటు బాదింది. మీనా దీదీ పొయ్యి మీద కూర ఆపేసి, పిండి చేతులతోనే కారు తాళాలు తీసుకుంది. వెనక సీట్లో అత్త ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. అత్త కాళ్ళకి చెప్పులు లేవని అప్పుడు చూశాను. సుపేలా దగ్గర ట్రాఫిక్‌లో దీదీ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నాకు భయం వేయలేదు. అదే వింత. భయపడేంత రక్తం కూడా నాలో మిగల్లేదేమో. నిద్ర వస్తోంది, అంతే. అత్త మాత్రం చెంప మీద తడుతూనే ఉంది. "పడుకోకే. నాతోటి మాటాడు. బేగి ఎల్లిపోదుం. కళ్ళు తెరువు."

ఆ తర్వాతది నాకు తెలియదు. దివ్య చెప్పగా విన్నాను.

పొట్ట నిండా రక్తం ఉందట. ఈసారి కన్నాలు కాదు, కోసి తెరిచారు. లోపల రక్తనాళం కట్టిన చోట ఇన్‌ఫెక్షన్ చేరి ముడి వదులైందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అరుదుగా అవుతుందట, ఎవరి తప్పూ కాదట. అక్కడ కారే రక్తానికి బయటికి దారి ఉండదు, పొట్టలోనే నిలిచిపోతుంది. ప్యాడ్ వైపు చూస్తూ కూర్చుంటే ఎన్నటికీ కనబడదు.

రక్తం ఎక్కించాలి, ఇచ్చేవాళ్ళని పిలవమన్నారు. రమణ వర్క్‌షాపులో మనుషులందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు, నూనె మరకల బట్టలతోనే. షాపు పక్కన వాచీలు బాగుచేసే డేవిడ్ అన్నయ్యకి ఎవరు చెప్పారో, అతనూ వచ్చాడు. వాళ్ళది తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబం. రక్తం ఇచ్చి వచ్చి వెయిటింగ్ హాల్లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, మా అత్త పక్కకి వెళ్ళి కూర్చుని, "నాయినా, దాని పేరు సూర్యకళ. ఆ పేరు కూడా సెప్పు" అందట.

స్పృహ వచ్చాక మొదట చూసింది రమణని. ఐసీయూలో ఒకరినే రానిస్తారు. మంచం పక్కన నిలబడి దుప్పటి అంచు సర్దుతున్నాడు, మళ్ళీ సర్దుతున్నాడు.

"ఆ రోజు ఆటోలో అలగ అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

తల ఊపాను. ఇంతకంటే మేం ఆ విషయం మాట్లాడుకోలేదు. కానీ ఆ తర్వాత వర్క్‌షాపు నుంచి మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఎలాగున్నాది? నిజం సెప్పు" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ "నిజం సెప్పు" అన్న మాట నాకు చాలింది.

జూలై, ఆగస్టు

గడ్డ పరీక్ష రిపోర్టు వచ్చింది. చెడ్డది కాదు. ఆ రోజు ఇంట్లో పండగ చేసుకోవాల్సింది, కానీ అందరం అలిసిపోయి ఉన్నాం. దివ్య పాయసం చేస్తానని అడుగంటించింది. అదే తిన్నాం.

రెండోసారి కోలుకోవడం నెమ్మదిగా సాగింది. దగ్గినప్పుడు పొట్టకి దిండు అదిమి పట్టుకోవాలి. వంగితే లాగుతుంది. వానలకి బట్టలు ఆరక, ఇంట్లోంచి బయటపడలేక, నా మీద నాకే విసుగొచ్చేది. మళ్ళీ కొద్దిగా రక్తం కనబడింది కొన్నాళ్ళు. ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, తర్వాత పోయింది. ఈసారి ప్యాడ్‌నే కాదు, మిగతా ఒంటిని కూడా కనిపెట్టుకున్నాను. లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయా, గుండె దడదడలాడుతోందా, పొట్ట ఉబ్బుతోందా, తగ్గిన నొప్పి తిరిగొచ్చిందా. కళ్ళు తిరిగి పడిపోతుంటే రక్తం కనబడలేదన్నది ధైర్యం కాకూడదు. ఇది నేను డాక్టరుగా చెప్పడం లేదు, పడినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఒకసారి వెళ్ళి ఏమీ లేదనిపించుకుని వచ్చామని రెండోసారి వెళ్ళడం మానుకోవద్దని కూడా చెబుతున్నాను. మొదటిసారి ఏమీ లేకపోవడం నా అదృష్టం, దానికి నేను సిగ్గుపడటం నా తెలివితక్కువతనం.

దసరా దాటాక

ఒక సాయంత్రం వరండాలో నేనూ అత్తా తోటకూర ఏరుతున్నాం. అత్త కాడలు తుంచుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ముసిలోల్లకి వస్తే ఏటౌతాది?"

"ఏమిటత్తా వచ్చేది?"

"అదే. ముట్టు."

నా చేతిలో కూర అలాగే ఉండిపోయింది. ఆవిడకి ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ ఆపరేసనుకి ముందు నుంచే. అప్పుడప్పుడు, కాసింత. నీ గోలలో మద్దెన నాదెందుకని..."

నన్ను ఒళ్ళో వేసుకుని కారులో తీసుకెళ్ళినప్పుడు కూడా ఆవిడ అది మోస్తూనే ఉంది. ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. "మీరు నన్ను తీసుకెళ్ళలేదా? రేపు నేను తీసుకెళ్తాను" అన్నాను. ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా చూపించుకోవాల్సిందే అని డాక్టరమ్మ అంటుండగా విన్నాను. అత్త మొదట సిగ్గుపడింది, తర్వాత దివ్య పెళ్ళి చూడకుండా పోతానా అంది, తర్వాత ఉతికిన చీర తీసి మడత పెట్టుకుంది.

గర్భసంచి లోపల చిన్న కండ పెరిగింది. తీసి పరీక్షకు పంపారు, భయపడాల్సింది ఏమీ లేదని వచ్చింది. అలా రాకపోతే ఈ మాటలు ఇంత తీరిగ్గా రాసేదాన్ని కాదు.

కానీ అత్తని మొదటిసారి చూపించడానికి తీసుకెళ్ళిన ఆ పొద్దుటి సంగతి ఒకటి చెప్పాలి. వెయిటింగ్ హాలు నిండా జనం. ఆడవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన మగవాళ్ళు. కౌంటర్‌లో పిల్ల తల వంచుకునే, "మాతాజీ, క్యా తక్లీఫ్ హై?" అని, ఏం బాధో అడిగింది. నేను ముందుకు వంగి చెవిలో చెప్పబోయాను. అత్త నన్ను మోచేత్తో పక్కకి జరిపింది. బయటివాళ్ళ ముందు ఎన్నడూ హిందీ మాట్లాడని మనిషి.

"ఖూన్ ఆతా" అంది, రక్తం వస్తోందని హాలంతా వినబడేలా. "బంద్ హోకే బీస్ సాల్ హోగయా. ఫిర్ ఆతా. జల్దీ డాక్టర్‌కో బోలో."

ఆగి ఇరవై ఏళ్ళయ్యాక మళ్ళీ వస్తోందన్న ఆ మాటకి మగవాళ్ళు టీవీ వైపు తిరిగారు. కౌంటర్‌లో పిల్ల తలెత్తి చూసి, గబగబా పేరు రాసుకుంది. అత్త వచ్చి కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. ముఖం ఎర్రబడి ఉంది గానీ తల దించలేదు.

మా వెనక వరసలో తల నిండా కొంగు కప్పుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత లేచి వచ్చి అత్త ముందు నిలబడి, వినీ వినబడకుండా అంది.

"మాతాజీ, ముఝే భీ."

నాకూ అంతే అని ఆవిడ అన్నది అత్తకి అర్థమైంది. జవాబుకి హిందీ మాత్రం అందలేదు. పక్క కుర్చీ మీదున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"కూకోమ్మా, ఇలగ కూకో. నా తరవాత నువ్వే."